ఫాంటసీ విమర్శ: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

1956 ఏప్రిల్‌లో అమెరికన్ పత్రిక ‘ది నేషన్’లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను చీల్చి చెండాడారు. అది పిల్లల పుస్తకమేననీ, అదుపు తప్పి అంత పెద్దదయిందనీ తేల్చేశారు. అప్పట్లో విల్సన్ మాటకు తిరుగుండేది కాదు. ఇలాంటి తీర్పులకు జవాబు చెప్పుకోవడంలోనే ఫాంటసీ విమర్శ చాలా కాలం గడిపింది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పాఠకుడు ఒక పుస్తకాన్ని ఎంచుకునేముందు, అది ఏ కాలంలో, ఏ వాదానికి సమాధానంగా పుట్టిందో తెలుసుకోవడం మంచిది.

నిజానికి సమాధానం అంతకు ముందే వచ్చింది. స్కాట్లండ్ రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ 1893లోనే ఫాంటసీ కల్పనాశక్తి మీద వ్యాసం రాశారు. 1939 మార్చి 8న సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ ఇచ్చిన ఉపన్యాసం ‘ఆన్ ఫెయిరీ స్టోరీస్’ పేరుతో 1947లో అచ్చయింది. అందులో ఆకుపచ్చ సూర్యుడి ప్రస్తావన ఉంది. ఆకుపచ్చ సూర్యుడు అనెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది; ఆ సూర్యుణ్ణి పాఠకుడు నమ్మే లోకాన్ని నిర్మించడమే అసలు పని అంటారాయన. ఫాంటసీకి తనదైన తర్కం ఉండాలన్న ఆలోచన ఇంత సూటిగా మరెక్కడా దొరకదు. అయితే వ్యాసం సగం దాకా మాక్స్ ముల్లర్, ఆండ్రూ లాంగ్ కాలపు జానపద చర్చల మీదుగా సాగుతుంది. కొత్త పాఠకుడు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

1970లో పారిస్ నుంచి త్స్వెతాన్ తొదొరొవ్ సిద్ధాంతం వచ్చింది. కథలో జరిగింది భ్రమా, నిజంగా అద్భుతమా అని తేల్చుకోలేని సందిగ్ధమే ఆయన దృష్టిలో ‘ఫాంటాస్టిక్’కు ప్రాణం. ఆ లెక్కన డ్రాగన్లూ మాంత్రికులూ సహజంగా తిరిగే కథలు ఆయన గీసిన గీతకు అవతల ఉంటాయి. పుస్తకం గొప్పదే, కానీ హ్యారీ పాటర్ చదివి వచ్చినవారికి మొదట ఇవ్వదగ్గది కాదు.

వారికి ఇవ్వదగ్గ రచయిత్రి అర్సులా లెగ్విన్. 1973 నాటి ‘ఫ్రమ్ ఎల్ఫ్‌లాండ్ టు పకీప్సీ’ వ్యాసంలో ఆవిడ కాథరిన్ కర్ట్జ్ నవల నుంచి ఒక సంభాషణ తీసుకున్నారు. రాజ్యం, ప్రభువులు, పన్నాగాలు ఉన్న కథ అది. పేర్ల వంటి కొన్ని మాటలు మార్చేసరికి అది వాషింగ్టన్ రాజకీయ నవలలో భాగంలా తయారైంది. ఫాంటసీలో శైలి అలంకారం కాదు, లోకాన్ని నిలబెట్టేది అదేనని ఆ ఒక్క ప్రయోగంతో చూపించారు. సిద్ధాంతం ముక్క రాకపోయినా దీన్ని ఎవరైనా అర్థం చేసుకోగలరు. తమకు నచ్చిన నవల మీద ప్రయోగించి చూసుకోగలరు కూడా. ఈ వ్యాసం 1979లో ‘ది లాంగ్వేజ్ ఆఫ్ ది నైట్’ సంకలనంలో చేరింది.

ఆ తర్వాత విమర్శకులు సమర్థన మానేసి విశ్లేషణకు దిగారు. ఫాంటసీకి సరిహద్దులు గీయడం కాక నడిమి కేంద్రాన్ని గుర్తించాలని 1992లో బ్రయన్ అటెబరీ ప్రతిపాదించారు. 2008లో ఫారా మెండిల్సన్ ‘రెటరిక్స్ ఆఫ్ ఫాంటసీ’లో, అద్భుతం కథలోకి ఎలా వస్తుందన్నదాన్ని బట్టి నాలుగు తరగతులు చేశారు. నార్నియా కథలో పిల్లలు బీరువా తలుపు దాటి మరో లోకంలోకి వెళ్తారు. డ్రాక్యులాలో అద్భుతమే మన లోకంలోకి చొరబడుతుంది. ఈ తేడా పట్టుబడితే చదివే తీరే మారిపోతుంది. 2019లో ఎబొనీ ఎలిజబెత్ థామస్ ‘ది డార్క్ ఫాంటాస్టిక్’లో మరో ప్రశ్న వేశారు: ఈ లోకాల్లో నల్లజాతి అమ్మాయిలకు దక్కుతున్న చోటు ఏది?

తెలుగువారికి ఇది పరాయి చర్చేమీ కాదు. ఆధునిక తెలుగు విమర్శకు పునాది వేసిన గ్రంథాల్లో ఒకటి కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’. 1914లో వెలువడిన ఆ గ్రంథం పరీక్షకు పెట్టింది పింగళి సూరన ‘కళాపూర్ణోదయా’న్నే. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద నిజమయ్యే కావ్యమది.

కాబట్టి పుస్తకాలు వెలువడిన వరుసలోనే చదవాలని లేదు. ముందు లెగ్విన్, ఆపైన టోల్కీన్ వ్యాసం, తర్వాత చరిత్ర కోసం మెండిల్సన్, ఎడ్వర్డ్ జేమ్స్ కలిసి 2009లో రాసిన ‘ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ ఫాంటసీ’. తొదొరొవ్‌ను చివరికి ఉంచుకోవచ్చు. ఏది చదివినా పక్కన ఒక కథల పుస్తకం ఉంచుకోండి. విమర్శకుడు చెప్పింది ఆ కథలో నిలుస్తుందో లేదో మీరే సరిచూసుకోండి.