ముల్లు తక్కువ, పువ్వు ఎక్కువ: పెరటి గులాబీ కథ



పెరట్లో గులాబీ వేద్దామంటే ఇంటి ఆడవారు రెండు మాటలు చెబుతారు. పిల్లలు తిరిగేచోట ముళ్ళుండరాదు. పూజకూ, జడలోకీ ఏడాది పొడుగునా పూలుండాలి. కోరిక న్యాయమైనదే. కాని ఈ రెండు గుణాలూ ఒకే మొక్కలో కలవడం అరుదు. ఎందుకు అరుదో తెలియకపోతే, తీగ గులాబీని రెండేళ్ళు సాకి పందిరికెక్కించిన తరువాత, అది ఏడాదికొక్కసారి పూచేదని తేలుతుంది. మొక్క ఖరీదు పోతే పోయె, ఆ రెండేళ్ళు తిరిగి రావు గదా! కనుక కొనేముందు గులాబీ చరిత్ర కొంచెం వినండి.

ఐరోపాలోని పాత గులాబీలు చాలావరకు వసంతంలో ఒక్క విడత పూసి ఊరుకునేవి. ఒక రకం డమాస్కు గులాబీ మాత్రం శరత్కాలంలో రెండోసారి కాసిని పూలిచ్చేది. చీనా తోటలలో అట్లా కాదు. అక్కడ నెలనెలా పూచే గులాబీలు అనాదిగా ఉన్నవి. వాటి పేరుకు అర్థమే అది. 18వ శతాబ్దం చివర ఇవి ఓడలమీద ఐరోపా చేరినవి. ఆ ఓడలు కలకత్తా మీదుగా వచ్చేవి. అందుచేత ఫ్రాన్సులో వీటికి 'బెంగాల్ గులాబీ' అనే పేరు పడింది. మొక్క చీనాది, పేరు మాత్రం మనది!

ముళ్ళు లేని గులాబీ కూడా చీనానుంచే వెళ్ళింది. 1807లో విలియం కెర్ అనే తోటమాలి కాంటన్ రేవునుంచి ఒక తెల్లపూల తీగను ఇంగ్లండు పంపించాడు. సర్ జోసెఫ్ బ్యాంక్స్ భార్య పేర దానిని 'లేడీ బ్యాంక్స్ గులాబీ' అన్నారు. కొమ్మమీద చెయ్యి దూసినా గుచ్చుకోదు. కాని వసంతంలో ఒక్కసారే, అదీ పాత కొమ్మలమీదనే పూస్తుంది. నెలనెలా పూచేదానికి ముళ్ళు, ముళ్ళు లేనిదానికి ఒక్క పూత! ఇదీ చిక్కు.

మారిషస్ పక్కన బూర్బోన్ అనే దీవి ఉన్నది. నేడు దానిని రీయూనియన్ అంటారు. అక్కడి రైతులు పొలాలకు గులాబీలతో కంచె వేసేవారు. ఆ కంచెల్లో చీనా గులాబీ, డమాస్కు గులాబీ పక్కపక్కన పెరిగి, తమంతట తామే సంకరమైనవి. 1820 ప్రాంతంలో ఆ విత్తనాలు పారిస్ చేరగా, 'బూర్బోన్' తెగ మొదలైంది. మన నర్సరీలలో అంటు కట్టడానికి అడుగు మొక్కగా వాడుతూ వచ్చిన ఎడ్వర్డ్ గులాబీ ఆ వంశంలోనిదే. ఈ తెగలోనే 1868లో ఫ్రాన్సులో బీజో అనే ఆయన 'జెఫిరీన్ ద్రూయెన్' అనే తీగ గులాబీని విడుదల చేశాడు. గులాబీరంగు పూలు, మంచి వాసన, మళ్ళీమళ్ళీ పూత, పైగా కొమ్మకు ముల్లు లేదు.

ఇటువంటిది అంత అరుదుగా ఎందుకు వచ్చింది? దీనికి జవాబు 2012లో దొరికింది. మామూలు గులాబీలో పూతను ఆపే జన్యువు ఒకటి ఉంటుంది. చీనా గులాబీలో దాని మధ్యన వేరే ముక్క ఒకటి చొరబడి పనిచెయ్యకుండా చేసింది. అందువల్ల పూత ఆగదు. అయితే ఈ గుణం తల్లినుంచీ తండ్రినుంచీ కూడా రావాలి. ఒక్కరినుంచి వస్తే పైకి కనిపించదు. దానికి తోడు ముల్లు లేని గుణం కూడా అదే పిల్లమొక్కకు దక్కాలి. పాడి, పని రెండూ ఉన్న ఆవు ప్రతి ఈతలోనూ పుడుతుందా?

ఇక మన సంగతి. జెఫిరీన్ పేరు విని తొందరపడవద్దు. నల్లమచ్చ తెగులు, బూడిద తెగులు దానికి త్వరగా పడతవి. మదనపల్లె, అరకు వంటి చల్లని చోట్ల గాలి ఆడేటట్లు నాటి ప్రయత్నించవచ్చు. కోస్తా, తెలంగాణ మైదానాల్లో బొత్తిగా ముల్లు లేనిదే కావాలని పట్టుపట్టకుండా, ముల్లు తక్కువ రకం చూసుకోవడం మేలు. 1958లో జర్మనీలో కోర్డెస్ సంస్థ విడుదల చేసిన తెల్లని 'ఐస్‌బర్గ్' గుత్తులుగా పూస్తుంది, ముళ్ళు కొద్ది. పాత చీనా రకం 'ఓల్డ్ బ్లష్' కూడా ముళ్ళు తక్కువది, వేడిని ఓర్చుకుంటుంది.

కొనేటప్పుడు పేరుపలకను నమ్మి ఊరుకోక మొక్కను చూడండి. మళ్ళీమళ్ళీ పూచే రకంలో కొత్త చిగురు పెరిగి చివర మొగ్గ తొడుగుతుంది. ఒక్కసారి పూచేదానిలో, పూతకాలం దాటాక వచ్చే చిగుళ్ళు ఆకులతోనే సాగిపోతవి. ముల్లు సంగతికి కొమ్మను తడిమి, ఆకు అడుగున ఈనెను కూడా వేలితో చూడండి. సన్నముళ్ళు అక్కడ దాగుతవి.

నాటిన తరువాత అంటుకు దిగువనుంచి ముళ్ళపిలక వస్తే, "మా మొక్కకు ముళ్ళు వచ్చినవి" అని దిగులుపడకండి. అది అడుగు మొక్క పిలక. మొదలంటా పీకెయ్యండి, వదిలితే అంటును మింగేస్తుంది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచండి. కాయ కట్టనిస్తే తరువాతి పూత ఆలస్యమవుతుంది. వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో కత్తిరింపు చెయ్యండి. లేడీ బ్యాంక్స్ తీగకు మాత్రం అప్పుడు కత్తెర పెట్టరాదు. వచ్చే వసంతపు పూత అంతా ఆ కొమ్మలతోనే పోతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఎవరైనా "ముళ్ళు లేని గులాబీ ఇప్పించండి" అని అడిగితే, "ఎన్నిసార్లు పూయాలి?" అని మీరు ముందు అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఒక ఇంటివారికి రెండేళ్ళ శ్రమ మిగులుతుంది.