వెల, బేరం, వేలం: రొంపిచెర్ల సీమలో పశువు ధరకు చారిత్రక ఆధారాలు

ప్రవేశిక

తెలుగు ప్రాంత ఆర్థిక చరిత్ర రాసేవారు ధాన్యం ధరలకు ఇచ్చినంత స్థానం పశువుల ధరలకు ఇవ్వలేదు. ఇందుకు కారణం ఉంది. ధాన్యానికి కొలత ఉంది. పుట్టి అన్నా బస్తా అన్నా ఒక పరిమాణం స్ఫురిస్తుంది, కాబట్టి ఒక ఏటి ధరను మరో ఏటి ధరతో పోల్చవచ్చు. పశువుకు అటువంటి కొలత లేదు. ఒకే సంతలో, ఒకే రోజు, ఒకే ఈడు ఎడ్లు రెండు వేర్వేరు ధరలకు అమ్ముడుపోతాయి. అందుచేత పశువు ధరను అంకెగా మాత్రమే వెదికే పరిశోధకునికి ఆధారాలు చెదురుమదురుగా కనిపిస్తాయి. ధరను నిర్ణయించిన పద్ధతిని వెదికితే మాత్రం శాసనం, సామెత, సంత పరిభాష, ఉద్యమ చరిత్ర అన్నీ ఆధారాలే అవుతాయి. రొంపిచెర్ల పరిసర సీమను కేంద్రంగా తీసుకొని ఆ పద్ధతి మార్పులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీమ స్వరూపం

రొంపిచెర్ల నేడు పల్నాడు జిల్లాలో, నరసరావుపేట రెవెన్యూ డివిజన్‌లో మండల కేంద్రం. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలోనూ, 1904కు పూర్వం కృష్ణా జిల్లాలోనూ ఉండేది. గురజాల, మాచర్లలతో కూడిన పాత పల్నాడు తాలూకా వేరు, నరసరావుపేట తాలూకా వేరు. ఈ భేదం పశువుల చరిత్రకు ముఖ్యం. పడమట అడవి, గుట్టలు, బీళ్ళు ఎక్కువ. తూర్పున నల్లరేగడి సేద్యం ఎక్కువ. మేత ఒకవైపు, దుక్కి మరొకవైపు ఉన్న ఈ రెండు నేలల నడుమ పశువు చేతులు మారడం సహజం.

గ్రామనామంలోని ‘రొంపి’ బురదను, ‘చెర్ల’ చెరువును సూచిస్తున్నాయి. మెట్టసీమలో చెరువు పశువుకు ప్రాణాధారం. కొనేవాడికి అదే చిక్కు కూడా. నీళ్ళలో ఉన్న గేదెకు బేరమాడినట్లు అనే సామెత ఇటువంటి పల్లె అనుభవం నుంచి పుట్టినదే. కాలు, పొదుగు, నడక కనబడనప్పుడు ధర చెప్పడం అవివేకమని దాని సారాంశం. పశువు ధర చూపు మీద ఆధారపడిన ధర అనే సూత్రం ఈ ఒక్క సామెతలో ఉంది.

శాసనాలలో పశువు: ముసలితనం లేని ఆవు

పశువుకు విలువ కట్టిన తొలి లిఖిత ఆధారాలు తెలుగునాట దేవాలయ శాసనాలలో లభిస్తాయి. 11, 12 శతాబ్దాల ద్రాక్షారామం, బాపట్ల శాసనాలలో అఖండదీపానికి పశువులను సమర్పించిన దానాలు విరివిగా ఉన్నాయి. ఒక దీపానికి 25 ఆవులు గాని 50 గొర్రెలు గాని ఇవ్వడం తరచుగా కనిపించే లెక్క. ఆ మందను ఒక బోయకు అప్పగించేవారు. అతడు, అతని తరువాత అతని సంతతి, నిత్యం మానెడు నెయ్యి గుడికి పోయవలసి ఉండేది.

ఈ లెక్కలో నాణెం ప్రసక్తి లేకపోయినా ఒక మారక నిష్పత్తి ఉంది. ఒక ఆవుకు రెండు గొర్రెలు సమానం. రాజరాజచోళుని తంజావూరు శాసనాలలో ఒక దీపానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు అని లెక్క కనిపిస్తుంది. దీపానికి కావలసిన పశువుల సంఖ్య ప్రాంతాన్నిబట్టి మారినా, ఆవుకూ గొర్రెకూ మధ్య నిష్పత్తి రెండుచోట్లా ఒకటే. ఇది యాదృచ్ఛికమని తోసిపుచ్చదగినది కాదు. నెయ్యి దిగుబడి ఆధారంగా ఏర్పడిన ఒక విలువ వ్యవస్థ దక్షిణదేశంలో విస్తృతంగా వాడుకలో ఉండేదని భావించడానికి ఇది బలమైన ఆధారం.

అయితే ఈ నిష్పత్తిని ధర అనవచ్చునా? అనకూడదని ఈ వ్యాసం అభిప్రాయం. తమిళ శాసనాలు దీపానికిచ్చిన గొర్రెలను చావు, ముసలితనం లేనివిగా వర్ణిస్తాయి. మందలో చచ్చిన పశువు స్థానాన్ని పుట్టిన పశువు భర్తీ చేయాలి కాబట్టి దానపు లెక్క ఎప్పటికీ తగ్గదు. తెలుగు శాసనాలలోని ఆచంద్రార్క నియమానికీ ఆచరణలో అర్థం అదే. శాసనంలోని ఆవు ఒక ప్రాణి కాదు, ఒక శాశ్వత సంఖ్య. ఆ సంఖ్యను నిలిపే భారం మాత్రం బోయ కుటుంబానిది. కరువు వచ్చినా, రోగం వచ్చినా మానెడు నెయ్యి తగ్గదు. దాత కీర్తి రాతిమీద స్థిరంగా ఉండగా, పశువు మరణం వల్ల వచ్చే నష్టం కాపరి ఇంట్లో మిగిలిపోయింది. దానశాసనాలను సాహిత్య, భాషా ఆధారాలుగా చదివేటప్పుడు ఈ సంగతిని విస్మరించరాదు.

సంతలో పశువు: పళ్ళ లెక్క

సంతలో పశువు దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ దానికి వయసు ఉంది, ఆ వయసుకు సాక్ష్యం పళ్ళు. పశువుకు కింది దవడలో ముందుపళ్ళు ఎనిమిది. సుమారు రెండు, రెండున్నర ఏళ్ళ ఈడులో పాలపళ్ళు ఊడి తొలి జత పళ్ళు వస్తాయి. నాలుగున్నర, అయిదేళ్ళకు ఎనిమిదీ పూర్తవుతాయి. పాలపళ్ళ కోడె, రెండు పళ్ళ గిత్త, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అనే మాటలు వయసు పేర్లే కాదు, ధర మెట్లు కూడా. కాడికి అలవాటుపడి ముందు చాలాకాలం పనిచేయగల ఎద్దుకు ధర ఎక్కువ. పళ్ళు అరిగేకొద్దీ ధర దిగుతుంది.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచినట్లు అనే సామెతను ఈ నేపథ్యంలో చూస్తే దాని చారిత్రక అర్థం స్పష్టమవుతుంది. పళ్ళు ఎంచడం సంత ధర్మం, దానం స్వీకరించడం గుడి ధర్మం. ఒకదాని కొలతను మరోదానికి వాడరాదని సామెత హెచ్చరిస్తోంది. రెండు విలువ వ్యవస్థలు ఒకే సమాజంలో పక్కపక్కన ఉన్నాయనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అరుదు.

పళ్ళ తరువాత చూసేవి సుడులు, కొమ్ములు, గిట్టలు, నడక. ఆపైన జోడు. ఎలపట కట్టే ఎద్దు వేరు, దాపట కట్టే ఎద్దు వేరు. జతలో ఒకటి చచ్చిన రైతు రెండోదాన్ని విడిగా అమ్మితే దానికి జతలో సగం ధర రాదు. జోడు కొనాలంటే తన ఎద్దుకు ఈడు, ఎత్తు, నడక కుదిరే మరో ఎద్దును వెదకాలి. ఆ అవసరం పసిగట్టిన మారుబేరగాడు ధర పెంచుతాడు. ‘ఒంటెద్దు పోకడ’ అనే జాతీయం నేడు మొండితనానికి వాడుతున్నాం. సేద్యంలో ఒంటెద్దు రైతు పరిస్థితి మొండితనం కాదు, లేమి. అతడు మరో ఒంటెద్దు రైతుతో పొత్తు కలిస్తేనే అరక సాగుతుంది. అర్థపరిణామంలో ఆర్థిక నేపథ్యం చెరిగిపోయిన పదబంధాలలో ఇదొకటి.

ధర మాటలు: వెల నుంచి వేలం వరకు

పశువుల క్రయవిక్రయ పరిభాషను పరిశీలిస్తే ఆ వ్యవహారం చరిత్ర పొరలుపొరలుగా కనిపిస్తుంది. ‘వెల’, ‘బేరం’ ద్రావిడ పదాలు. తమిళంలో విలై, పేరం, కన్నడంలో బెలె, బేర వీటికి సజాతీయాలు. ‘ఖరీదు’ పారసీకం, అక్కడ దాని అర్థం కొనుగోలు. ‘దళారి’ అరబీ నుంచి, ‘బయానా’ పారసీక వ్యవహారం ద్వారా వచ్చాయి. ‘వేలం’ పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి వచ్చింది. తమిళ ఏలం, మలయాళ లేలం, హిందీ నీలాం దాని రూపాంతరాలే.

ఈ పొరలు ఒకే పనికి పర్యాయపదాలు కావు. బేరం ఇద్దరి మధ్య జరుగుతుంది. పశువుల సంతలో అది మరీ గోప్యం. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి అంకె చెప్పే పద్ధతి తెలుగు సంతలలో ప్రసిద్ధం. చుట్టూ నిలిచినవారికి ధర తెలియదు. వేలం దీనికి విరుద్ధం, అక్కడ ధర పైకి అరిచి చెప్పాలి. తెలుగు పల్లె సంతలో పశువు బేరానికి లోబడింది గాని వేలానికి లోబడలేదు. వేలం వేసేది మరొకదాన్ని, సంతలో ఆశీలు వసూలు చేసుకొనే హక్కును. అంటే బహిరంగంగా తేలే ధర సంతది, రహస్యంగా తేలే ధర పశువుది. రుసుము పశువు వెలనుబట్టి ఉన్నచోట చీటీలో వెల తగ్గించి రాయించే ప్రలోభం కూడా సహజం. అందువల్ల సంత చీటీలను ధరల చరిత్రకు ఆధారంగా తీసుకొనేవారు వాటిని కనీసపు అంకెలుగా గ్రహించడం క్షేమం. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం తన పేరులోనే వ్యవసాయ ఉత్పత్తులతోపాటు పశుసంపదను చేర్చుకొంది. అయినా తూకం వేసి ధర పలకపై రాసే మిర్చి, పత్తి యార్డు పద్ధతి పశువుల సంతలో పాదుకొనలేదు. తూకానికి లొంగని సరుకు కావడమే ఇందుకు ప్రధాన కారణం.

మేత, పుల్లరి, కరువు

పశువు ధరలో కొన్న వెల ఒక భాగమే, మేత ఖర్చు మరో భాగం. జొన్న పండే మెట్టసీమలో జొన్నచొప్ప, బీళ్ళు, అడవి ప్రధానమైన మేత వనరులు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత అడవిలో మేతకు రుసుము చెల్లించడం తప్పనిసరి అయింది. ఆ రుసుమే పుల్లరి. పల్నాటి రైతు దృష్టిలో ఇది కొత్త పన్ను మాత్రమే కాదు. తరతరాలుగా వెల లేని గడ్డికి వెల కట్టడం. 1921లో మొదలైన పల్నాడు పుల్లరి సత్యాగ్రహం, 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు కాల్పులలో మరణించడం స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ప్రసిద్ధాలు. ఆ ఉద్యమ సందర్భంలోనే జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడ ‘మాలపల్లి’ రచించారు. ఆ ఉద్యమాన్ని దేశభక్తి కోణంతోపాటు పశుపోషణ వ్యయం కోణం నుంచి కూడా చదవవలసి ఉంది.

కరువు ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఛిద్రం చేసింది. కరువులో ధాన్యం ధర పెరుగుతుంది, పశువు ధర పడిపోతుంది. మేత లేక అందరూ ఒకేసారి అమ్మజూపుతారు, కొనేవాడుండడు. అమర్త్యసేన్ 1981లో వెలువరించిన క్షామాల అధ్యయనంలో ఇథియోపియా పశుపోషకుల విషయంలో ఇదే చూపారు. పశువులు చావడంతోపాటు, మిగిలిన పశువుకు వచ్చే ధాన్యం తగ్గిపోవడం వారిని ఆకలికి గురిచేసింది. వానలు వచ్చాక అదే రైతు ఎద్దును తిరిగి కొనబోతే ధర అందదు. దుక్కి ఆగుతుంది. కరువు ముగిసినా దాని ఫలితం ముగియకపోవడానికి కారణం ఇక్కడ ఉంది.

కాలువ, యంత్రం, కొత్త వేలం

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు విడుదలయింది. కుడికాలువ కింద నరసరావుపేట సీమలో వరి వచ్చింది. జొన్నచొప్ప స్థానంలో వరిగడ్డి వచ్చింది, బీళ్ళు తగ్గాయి. ట్రాక్టరు రాకతో కాడి విలువ క్షీణించి, పాడిగేదె విలువ పెరిగింది. పళ్ళను, నడకను చూసిన కన్ను ఇప్పుడు పొదుగును, పూటకు ఎన్ని లీటర్లో చూస్తోంది.

ఒంగోలు జాతి ఎద్దు మాత్రం ప్రతిష్ఠా చిహ్నంగా నిలిచింది. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభల బండ్లతోనూ, బండలాగుడు పోటీలతోనూ దానికి కొత్త గిరాకీ ఏర్పడింది. పోటీలలో విభాగాలు నేటికీ పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అనే పేర్లతోనే సాగుతున్నాయి. సేద్యం వదిలిన పరిభాషను పందెం కాపాడుతోంది. కారంపూడి వీరుల తిరునాళ్ళ ఐదు రోజుల క్రతువులో ‘మందపోరు’ అనే పేరు నిలిచి ఉండడం కూడా ఇటువంటిదే.

ఇదే జాతి 19వ శతాబ్ది నుంచి బ్రెజిల్ చేరింది. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలో భాగం కావడంతో అక్కడ దానికి ‘నెలోర్’ అనే పేరు స్థిరపడింది. 2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు హక్కు వేలంలో 69.9 లక్షల రియళ్ళు పలికింది. దాన్నిబట్టి ఆవు మొత్తం విలువ సుమారు 2.1 కోట్ల రియళ్ళుగా లెక్కగట్టారు. అక్కడ అమ్మినది శ్రమ కాదు, పాలు కాదు, వంశం. ఆ వేలానికి అక్కడి పేరు ‘లెయిలావ్’. పోర్చుగీసు మాట తెలుగునేలకు వచ్చి ‘వేలం’ అయింది. తెలుగునేల పశువు పోర్చుగీసు మాట్లాడే దేశానికి వెళ్ళి ఆ వేలంలోనే నిలిచింది. మాట మనకు మిగిలింది గాని ఆ ధరలో పెంపకందారు వారసులకు వాటా లేదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, శాసనంలోని నిష్పత్తి, సంతలోని బేరం, వేలంలోని అంకె మూడు వేర్వేరు విలువ వ్యవస్థలు. వీటిని ఒకే ధరల పట్టికలో చేర్చడం పొరపాటు. రెండవది, ప్రతి వ్యవస్థలోనూ పశువు చావు, ముసలితనం, మేత అనే నష్టాలు ఎవరిమీద పడ్డాయన్నదే అసలు ప్రశ్న. శాసనకాలంలో బోయమీద, పుల్లరి కాలంలో రైతుమీద పడ్డాయి. 2017 మేలో కేంద్రప్రభుత్వం తెచ్చిన, అదే ఏడు జూలైలో సుప్రీంకోర్టు నిలుపుదల వల్ల అమలుకాని పశువుల సంత నియమాల చర్చలోనూ పని ఉడిగిన ఎద్దు పోషణభారం ఎవరిదన్నదే ప్రధానాంశం. మూడవది, సంత పరిభాష సాహిత్య పరిశోధకునికి అనుబంధ విషయం కాదు. ఎలపట, దాపట తెలియని పాఠకునికి జోడు అనే మాటలోని బరువు అందదు. పళ్ళు ఎంచడం చూడని పాఠకునికి సామెత సగమే అర్థమవుతుంది. ఆ మాటలను వాడినవారు ఇంకా రొంపిచెర్ల వంటి ఊళ్ళలో ఉన్నారు. కాడి వదిలిన ఆ తరం నుంచి వాటిని అర్థంతో, ప్రయోగంతో, ధర మెట్టుతో సహా నమోదు చేయడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసిన పని.