కీళ్ళవాతం, గుండె, ఒక భీమవరం వైద్యుడు

కీళ్ళవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు, వైద్యులు వ్రాసే మందుల చీటీలో తరచుగా రెండు పేర్లు జంటగా కనిపిస్తాయి. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. రెండవది దాని దుష్ఫలితాలను తగ్గించే ఫోలిక్ ఆమ్లం. ఈ రెండింటి వెనుకా అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన ఒకే వ్యక్తి ఉన్నాడు. ఆయన భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. ఆ చీటీ పట్టుకొని మందుల షాపుకు వెళ్ళే మన గోదావరి జిల్లాల రోగుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు?

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొన్నది. ఆయనను కూడా పీడించింది. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతోను, మామగారి సాయంతోను అమెరికా చేరారు. హార్వర్డ్‌లో ఉండగా ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. 1940లో లెడర్లీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తోబుట్టువును తీసుకుపోయిన వ్యాధికి అది మందు అయింది.

ఫోలిక్ ఆమ్లం కణాల వృద్ధికి తోడ్పడుతుంది గనుక, దానికి విరోధి అయిన పదార్థం విచ్చలవిడిగా పెరిగే కణాలను అడ్డుకోవాలి. ఈ తర్కంతో పుట్టినవే అమైనోప్టెరిన్, దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌తో రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి వైద్యలోకాన్ని నివ్వెరపరచాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో గుండెపోటుతో మరణించారు. వయస్సు 53. మరి మూడేళ్ళకు, 1951లో, రిచర్డ్ గబ్నర్ అనే వైద్యుడు ఈ కుటుంబపు మందును కీళ్ళవాతంపై ప్రయోగించి మేలు చూశాడు. అయినా అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి ఆమోదించడానికి 1988 దాకా పట్టింది.

ఇక గుండె సంగతి. ముందు ఒక మాట: బాల్యంలో గొంతునొప్పి తరువాత వచ్చి గుండె కవాటాలను చెడగొట్టే రుమాటిక్ జ్వరం వేరు, ఇది వేరు. పేర్ల పోలిక వల్ల చదువుకున్నవారు సైతం పొరబడతారు. కీళ్ళవాతం దెబ్బతీసేది ప్రధానంగా రక్తనాళాలను. ఈ అనుబంధం బొత్తిగా కొత్త ఊహ కాదు. ఆమవాతాన్ని వర్ణించిన మాధవకరుని ప్రాచీన నిదాన గ్రంథం, వ్యాధి ముదిరినప్పటి లక్షణాలలో హృద్గ్రహాన్ని, అంటే గుండె పట్టేసినట్లుండటాన్ని, చేర్చింది. ఆయన చూసినది నేటి రుమటాయిడ్ వ్యాధేనని నేను వాదించను. కీళ్ళ రోగి ఛాతీని కూడా ఆ వైద్యుడు గమనించాడన్నదే నాకు ముఖ్యం.

ఈ రోగులలో గుండెజబ్బు మరణాలు ఇతరులకంటే సుమారు 50 శాతం అధికమని 2008లో అనేక పరిశోధనలను క్రోడీకరించినప్పుడు తేలింది. కారణం కీళ్ళలో రగిలే వాపు కీళ్ళకే పరిమితం కాకపోవడం. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు రక్తంలో తిరుగుతూ ధమనుల లోపొరను గాయపరుస్తాయి. గోడలోని సాగే గుణం తగ్గుతుంది. ఆరోగ్యవంతమైన మహాధమని గుండె కొట్టిన ప్రతి దెబ్బకూ కొంత సాగి, ఆ తాకిడిని తాను భరించి, రక్తాన్ని నెమ్మదిగా ముందుకు పంపుతుంది. బిరుసెక్కిన ధమనిలో నాడి అల వేగంగా పరుగెత్తుతుంది, గుండెపై భారం పెరుగుతుంది. మెడనుంచి గజ్జదాకా ఆ అల వేగాన్ని కొలుస్తారు. సెకనుకు 10 మీటర్లు దాటితే ధమనులు గట్టిపడ్డట్టు లెక్క. చిత్రమేమంటే, వ్యాధి ఉద్ధృతంగా ఉన్నప్పుడు కొలెస్టరాల్ తక్కువగా కనిపించవచ్చు. రిపోర్టు చూసి నిశ్చింతగా ఇంటికి పోయేది ఇక్కడే.

మరి సుబ్బారావుగారి మందు గుండెను కాపాడుతుందా? 2002లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో, మెథోట్రెక్సేట్ వాడిన కీళ్ళవాత రోగులలో గుండెజబ్బు మరణాలు సుమారు 70 శాతం తక్కువగా కనిపించాయి. అయితే 2019లో వెలువడిన మరో పెద్ద ప్రయోగంలో, కీళ్ళవాతంతో నిమిత్తం లేని దాదాపు 4,800 మంది గుండె రోగులకు ఇదే మందును ఇస్తే ప్రయోజనం కనబడలేదు. వారిలో అది ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు సూచికలను కూడా తగ్గించలేదు. కాబట్టి ఇది గుండె మందు కాదు. కీళ్ళవాతంలో వాపును అణచినప్పుడు ఆ మేలులో గుండెకూ కొంత వాటా దక్కుతుందని నా అభిప్రాయం.

నా వృత్తిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, నొప్పి తగ్గగానే ఈ మందు మానేసి, మళ్ళీ నొప్పి వస్తే నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు మింగేవారి సంగతి. వాపు లోలోపల సాగుతూనే ఉంటుంది. దీర్ఘకాలం వాడితే ఆ మాత్రలే గుండెకు హాని చేస్తాయి. దీనికి వ్యతిరేకమైన పొరపాటు మరీ భయంకరం. వారం మందును రోజూ వేసుకున్న ఒక వృద్ధురాలిని నోటినిండా పుండ్లతో, తెల్లకణాలు పడిపోయిన స్థితిలో తీసుకువచ్చారు. అదృష్టవశాత్తు ఆమె కోలుకున్నది. ఆనాటినుంచి మెథోట్రెక్సేట్ వ్రాసిన ప్రతి చీటీమీదా ‘ఆదివారం మాత్రమే’ అని పెద్ద తెలుగు అక్షరాలతో వ్రాసి, ఇంటికి వెళ్ళేలోగా రోగిచేత ఒకసారి పైకి చదివించేవాణ్ణి.