మడుగులోని పగవాడు

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు పోవు సీమలో వేసవికాలమున సంచరించువారికి, ఏదో యొక పల్లె పొలిమేరలో, ధర్మరాజుల గుడి యెదుట వెల్లకిల పండుకొనియున్న మట్టిమనిషి కనబడుట కద్దు. పాదముల కడ నిలిచి చూచిన తల యెక్కడనో దూరమున నుండును. మీసములు నల్లగా మెలితిరిగి, తెల్లని కనుగ్రుడ్లు మండుటెండలో ఆకాశము వంక రెప్పవేయక చూచుచుండును. వాడు దుర్యోధనుడు. పదునెనిమిది దినములు పగలు హరికథగాను, రాత్రులు వీథినాటకముగాను నడచిన భారతము ముగియునాడు, ఆ మట్టిరొమ్ము మీదనే భీమ దుర్యోధన వేషధారులు గదలతో కలియబడుదురు. తొడ పగులును, అందు దాచిన యెర్రనీరు చిమ్మును, ద్రౌపది వేషము కట్టినవాడు విరబోసిన తలకు ఆ యెరుపు రాచుకొని జుట్టు ముడుచును.

చిరకాలము భయపెట్టిన పగవానిని తుదకు ముఖాముఖి నెదుర్కొను ఈ ఘట్టము, కావ్యము నుండి పల్లెకును, పల్లె నుండి దూరదర్శనమునకును, శాస్త్రకల్పనా కథలకును ఎట్లు నడచినదో చూడదలచితిని. ఏలయన, మాధ్యమము మారిన కొలది పగవాని బలము పెరుగుట గాక, వాని యొంటరితనమే స్పష్టమగుచు వచ్చినదని నా నమ్మకము.

దీనికి మూలము శల్యపర్వము. పదునొకండు అక్షౌహిణుల కధిపతియైన రారాజు గదయొక్కటి చేతబట్టి ద్వైపాయన హ్రదమున జొచ్చి, జలస్తంభన విద్యచే నీటియడుగున దాగినాడు. ఆ జాడ భీమునకు దెలిపినవారు మాంసము తెచ్చియిచ్చు వేటకాండ్రు. సేన యుండగా పాండవులు వానిని ఎదిరింపగలిగిరి. ఒక్కడై నీట దాగినంతనే మడుగు గట్టున నిలిచి పిలిచి రెచ్చగొట్టవలసివచ్చినది. పిదప జరిగిన గదాయుద్ధమున భీముడు నాభికి దిగువ కొట్టరాదను నియమము మీరి తొడ విరుగగొట్టినాడు; బలరాముడు మండిపడినాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన దీనిని తెనిగించుటకు రెండు వందల యేండ్లకు పైగా ముందే కన్నడమున రన్నడు ‘సాహసభీమ విజయము’ వ్రాసి, ఓడినవానికి గెలిచినవానితో సమానమైన ఔన్నత్యము నిచ్చెను. భాసుని పేర ప్రసిద్ధమైన ‘ఊరుభంగము’ ఇంకను ముందుకు పోయినది: అందు చిన్నకుమారుడు తండ్రి ఒడిలో కూర్చుండవలెనని వచ్చును. తొడలు విరిగిన తండ్రి యేమి చేయగలడు?

దూరదర్శనము కథలో త్వరగా నడువవచ్చును. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు కార్యక్రమము లందించిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ పల్లెలును కలవు. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూను వరకు, 94 భాగములుగా, ఆదివారము ఉదయములందు వచ్చిన బి. ఆర్. చోప్రా ‘మహాభారత్’ హిందీలో నున్నను, దానిని కన్నార్పక చూచిన యీ సీమ జనమునకు కథ కొత్తది కాదు. కథను ఇంతవరకు చెప్పి రేపటికి ఆపు విద్య పదునెనిమిది రాత్రుల భారతమునకు ఏనాడో తెలియును.

ఆ విద్యనే బీబీసీ వారి ‘డాక్టర్ హూ’లో చూచి నేను విస్మయము చెందితిని. కాలములోను అంతరిక్షములోను తిరుగు ‘డాక్టరు’ అను పథికుని కథ యది. 1963 నవంబరు 23న మొదలైనది. డిసెంబరు 21 నాటి భాగము చివర ఒక స్త్రీ గోడకు చేరబడి కేకవేయుచుండగా ఆమె వైపు సాగివచ్చు యంత్రబాహువును మాత్రము చూపి ఆపివేసిరి. శత్రువు రూపమెట్టిదో వారము దినములు ఎవరికిని తెలియలేదు. తెర పట్టించి, దాని మీదుగా కిరీటపు కొన మాత్రము కనబరచు మన వీథినాటకుల నేర్పునకు ఇది తోబుట్టువు. టెర్రీ నేషన్ కల్పించి, రేమండ్ క్యూసిక్ రూపము దిద్దిన ఆ శత్రువే డాలెక్: లోహకవచములో దాగి, తనవంటిది కాని ప్రాణినెల్ల నిర్మూలించుట తప్ప వేరెరుగని జీవి.

2005 ఏప్రిల్ 30న ప్రసారమైన రాబర్ట్ షియర్మన్ రచన, ‘డాలెక్’ అను భాగము, నా దృష్టిలో గదాయుద్ధమునకు మిక్కిలి చేరువైనది. మహాయుద్ధమున డాక్టరు జాతియు, డాలెక్ జాతియు నశించినవి. డాక్టరు ఒక్కడే మిగిలినాడు. అమెరికాలో ఒక ధనికుని భూగర్భ ప్రదర్శనశాలలో, సంకెళ్లతో, చీకటిలో, శత్రుజాతిలో తుదిది కనబడును. చూచినంతనే అతడు తలుపు బాది బయటికి విడువుమని మొరపెట్టుకొనును. అది కాల్చలేదని తెలిసిన మరుక్షణము దానిని హింసింప పూనుకొనును. నీవును మంచి డాలెక్‌వే కాగలవని అది యనును. ఆ మాట వినినప్పుడు నాకు నియమము మీరిన భీముని గదయు, బలరాముని కోపమును మనసున మెదలినవి. అతని తోడి యువతి రోజ్ స్పర్శచే దానికి బలమును, పిదప అంతకుమున్నెరుగని భావములును కలిగినవి. ఆయుధము పట్టి వచ్చిన డాక్టరునకు ఆమెయే అడ్డము నిలిచినది. కవచము తెరచుకొని ఒక్కమారు సూర్యకిరణము సోకించుకొని, ఆమె యాజ్ఞ గైకొని అది తన్ను తాను రూపుమాపుకొనును.

కుప్పము దాపున నొక పల్లెలో వధ ముగిసిన పిమ్మట, జనమంతయు నిప్పులగుండము వైపు కదలుచుండగా, ఒక ముసలమ్మ వెనుకబడి, పగిలిన తొడ కడ వంగి పిడికెడు మట్టి తీసికొని కొంగున ముడివేసికొనుట చూచితిని. ఎందులకని అడిగితిని.

“మడికాడ చల్లితే పంట బాగుంటాది నాయనా,” అని, ఆ మట్టికాలిని ఒక్కసారి చేతితో నిమిరి, గుండము వైపు నడచినది.