క్రిస్మస్ రోస్ట్ విందు – ముందస్తు తయారీ

క్రిస్మస్ రోస్ట్ విందు అంటే డిసెంబరు 25న ఆరాధన ముగిశాక బంధుమిత్రులకు పెట్టే భోజనం. ఓవెన్‌లో కాల్చిన మొత్తం కోడి ఇందులో ముఖ్య వంటకం. హైదరాబాదు తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పండుగ భోజనమంటే ప్రధానంగా బిర్యానీ లేదా బగారా అన్నం, కోడికూర, మటన్. రోస్ట్ చేసే ఇళ్లలో అది వీటికి తోడుగా వస్తుంది. పండుగ ఉదయం మందిరంలోనే గడుస్తుంది కాబట్టి, తొలిసారి విందు ఇచ్చేవారు ఏ పని ముందురోజు ముగించాలో, ఏది అప్పటికప్పుడు చేయాలో ముందే తేల్చుకోవాలి.

నేపథ్యం

యూరప్‌లో క్రిస్మస్‌కు బాతు, గొడ్డుమాంసం కాల్చేవారు. టర్కీ కోడి 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి అక్కడికి చేరింది. తెలుగునాట ప్రొటెస్టెంట్ మిషన్లు 1805లో విశాఖపట్నంలో, 1840లో నెల్లూరులో, 1842లో గుంటూరులో పని మొదలుపెట్టాయి. విశ్వాసం మారినా వంటిల్లు మారలేదు. కజ్జికాయలు, అరిసెలు, గులాబీ పువ్వులు క్రిస్మస్ పిండివంటలయ్యాయి. నగరంలో రోస్ట్ సంప్రదాయాన్ని నిలిపినవారిలో సికింద్రాబాద్, లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ముఖ్యమైనవి.

ఎల్బీనగర్ విజయవాడ జాతీయ రహదారి మొదట్లో ఉంది. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక నగరం అవతలి వైపు ఉన్న బంధువులు రావడం తేలికైంది.

సరుకులు

చికెన్ షాపులో సాధారణంగా చర్మం తీసి ముక్కలు కొట్టి ఇస్తారు. రోస్ట్‌కు చర్మం ఉండాలి, కోడి మొత్తంగా ఉండాలి. అందుకే ఒకటి రెండు రోజుల ముందే షాపువారికి "విత్ స్కిన్, ముక్కలు కొట్టొద్దు" అని చెప్పి ఉంచాలి. ఇళ్లలోని చిన్న ఓవెన్లలో (ఓటీజీల్లో) 1.2 నుంచి 1.4 కిలోల కోడి సరిపోతుంది. ఒక్క కోడి నలుగురైదుగురికి వస్తుంది. అతిథులు ఎక్కువైతే రోస్ట్ రుచికే ఉంచి, కోడికూర ఎక్కువ వండటం మేలు. బంగాళాదుంపలు, క్యారెట్, బీన్స్ సరూర్‌నగర్ రైతుబజారులో దొరుకుతాయి.

ముందస్తు క్రమం

రెండు మూడు వారాల ముందు: కేక్ కోసం ఎండుద్రాక్ష, టూటీఫ్రూటీ వంటివి నారింజ రసంలో నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

వారం ముందు: పిండివంటలు చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాల్లో పెట్టాలి. కోడి పట్టే ట్రే ఓటీజీలో సరిపోతుందో లేదో అప్పుడే చూసుకోవాలి.

23న: అల్లంవెల్లుల్లి ముద్ద నూరి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి పెట్టుకోవాలి.

24న: కోడిని తడి లేకుండా ఒత్తి తుడవాలి. తొడ, రొమ్ము భాగాల్లో ఎముక తగిలేదాకా గాట్లు పెట్టాలి. ఉప్పు, మిరియాల పొడి, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, వెన్న కలిపి గాట్లలోకీ చర్మం కిందికీ పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. గ్రేవీ కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. సాయంత్రం కేరల్స్‌కు వెళ్లేలోపు ఈ పనులన్నీ అయిపోవాలి.

25న: ఆరాధన 12 గంటలకు ముగిసి, 12.30కు ఇల్లు చేరితే, ఓవెన్ వేడెక్కడానికి పావుగంట, 190 డిగ్రీల వద్ద కోడి కాలడానికి సుమారు గంటా పావు, దించాక పావుగంట విరామం. అంటే వడ్డన 2.15కు. అతిథులకు ఆ సమయమే చెప్పాలి. ముందుగా వచ్చినవారికి కేక్, కజ్జికాయలు పెట్టొచ్చు. కోడి కాలే వేళలోనే బగారా అన్నం అవుతుంది. ట్రేలో దిగిన రసాన్ని గ్రేవీలో కలిపి మరిగించాలి. విరామం ఇవ్వకుండా కోస్తే రసం ఎక్కువగా పళ్లెంలోకి కారిపోతుంది.

జాగ్రత్తలు

ముందురోజు సగం కాల్చి ఆపేయడం ప్రమాదం. గోరువెచ్చని మాంసంలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మసాలా పట్టించిన కోడిని ఆరాధన సమయంలో బయట ఉంచకూడదు. తొడ మందంలో థర్మామీటరు 74 డిగ్రీలు చూపితేనే ఉడికినట్టు. పచ్చి కోడి కోసిన కత్తి, పీట సబ్బుతో కడగకుండా సలాడ్‌కు వాడరాదు. వడ్డించిన రెండు గంటల్లోపు మిగిలినది ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల వరకు తినవచ్చు. తినే ముందు పొగలు వచ్చేలా వేడిచేయాలి.