మార్కా దావాల నుంచి మందుల పేటెంట్ల దాకా

1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడిన తరువాత పట్టణంలోని పెద్ద వర్తక వివాదాలు దాని ఒరిజినల్ సైడులో, అంటే అప్పీలుగా కాక తొలి దావాగానే కేసు విచారించే విభాగంలో, నడిచేవి. ఇంగ్లండు సంప్రదాయాన్ని అనుసరించి అక్కడ కక్షిదారుతో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసే పని అటార్నీకి, వాటి ఆధారంగా జడ్జి ఎదుట వాదించే పని బారిస్టరుకు చెందగా, ఈ రెండూ చేయగల దేశీయ వకీళ్లు మొదట అప్పీళ్లకే పరిమితమయ్యారు. కలకత్తా, బొంబాయి హైకోర్టుల్లో ఈ విభజన 20వ శతాబ్దంలోనూ చాలాకాలం కొనసాగింది గాని, మద్రాసులో 19వ శతాబ్దం ముగియక ముందే ఒరిజినల్ సైడు వకీళ్లకు అందివచ్చింది. వర్తకుడి చిట్టా ఆవర్జాలు స్వయంగా తిరగేసిన మనిషే కోర్టులో వాదించే అవకాశం కలగడం వాణిజ్య న్యాయవాద వృత్తికి ఇక్కడ గట్టి పునాది వేసిందని చెప్పవచ్చు.

నేడు మేధోసంపత్తి హక్కులని పిలిచే రంగంలో ఆ కాలపు వకీలుకు ఆధారంగా చూపదగిన ప్రభుత్వ రిజిస్టరు లేదు. 1889 నాటి సరుకు గుర్తుల చట్టం దొంగ మార్కా వేసినవారిని శిక్షించేదే తప్ప, మార్కా ఎవరిదో నిర్ణయించి నమోదు చేసేది కాదు. అందువల్ల వర్తకులు తమ మార్కాను వర్ణిస్తూ ఒక ప్రకటన పత్రం రాయించి దస్తావేజుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నమోదు చేయించుకొని, ఇతరులు వాడరాదని పత్రికల్లో హెచ్చరిక వేయించేవారు. వివాదం కోర్టుకెక్కితే మిగిలే దారి పాసింగ్ ఆఫ్ దావా ఒక్కటే. ఒకరి సరుకును మరొకరి సరుకుగా నమ్మించి అమ్మడాన్ని అడ్డుకొనే ఈ దావాలో, ఆ మార్కాకు బజారులో పేరుందని, ప్రతివాది సరుకు చూసి కొనుగోలుదారు మోసపోయే ప్రమాదముందని వాది తరఫు వకీలు రుజువు చేయాలి. ఆ రుజువు పాత బిల్లుల్లో, చీటీల్లో, దుకాణదారుల సాక్ష్యంలో దొరికేది. ఈ శ్రమే వృత్తికి అసలైన బడి. 1940లో ట్రేడ్ మార్కుల చట్టం వచ్చి, 1942లో అమలై, రిజిస్టరు ఏర్పడినా, కొనుగోలుదారు ఏమి చూస్తాడు, ఏమి వింటాడు అన్న ప్రశ్న పక్కకు పోలేదు.

అందుకు మద్రాసు ముక్కుపొడుం వర్తకుల వ్యాజ్యమే నిదర్శనం. శ్రీ అంబాళ్ పేరుతో అప్పటికే పొడుం అమ్ముతున్న సంస్థ, శ్రీ ఆండాళ్ పేరు నమోదుకు మరొక వర్తకుడు చేసుకున్న దరఖాస్తును వ్యతిరేకించింది. అంబాళ్ శివుని పత్ని అయిన పార్వతి, ఆండాళ్ విష్ణుభక్తులు కొలిచే గోదాదేవి కనుక, ఆ ఇద్దరినీ పొరబడే హిందువు దక్షిణాదిన ఉండడన్న వాదానికి బలం లేకపోలేదు. అయితే 1969లో సుప్రీంకోర్టు, ఈ పొడుం కొనేవారిలో ముస్లిములు, క్రైస్తవులు, పార్సీలు కూడా ఉన్నారని, వ్యాపారం దక్షిణాదికే పరిమితం కాదని గుర్తించి, అర్థం తెలియనివారి చెవికి రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయని నిర్ణయించి, ఆండాళ్ పేరు నమోదుకు నిరాకరించింది. పండితుడి జ్ఞానాన్ని కాక సామాన్య కొనుగోలుదారు చెవిని కొలమానంగా తీసుకున్న ఈ తీర్పు న్యాయమైనది. మార్కా కేసుల్లో న్యాయవాదులు నేటికీ దానిని ఉదహరిస్తారు.

పేటెంటు, అంటే కొత్త ఆవిష్కరణపై నిర్ణీత కాలం ఉండే ప్రత్యేక హక్కు, ఈ దేశంలో 1856 చట్టంతో మొదలైంది. ఆ ఏడాదే కలకత్తాలోని జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఇంజనీరు పంకా లాగే యంత్రానికి తొలి దరఖాస్తు పెట్టాడు. వలస పాలన సాగినన్నాళ్లూ పేటెంట్లలో అత్యధికం విదేశీయులవే కావడంతో, న్యాయవాదులకు ఇందులో పని స్వల్పమే. ఈ స్థితిని మార్చినది మద్రాసు న్యాయవాద వర్గం నుంచి వచ్చిన న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక. దాని బాటలో వచ్చిన 1970 చట్టం మందులకు, ఆహార పదార్థాలకు వస్తువుపై పేటెంటును నిరాకరించి, తయారీ పద్ధతికి మాత్రమే, అదీ తక్కువ కాలానికి, హక్కు ఇచ్చింది. అదే మందును వేరొక పద్ధతిలో తయారు చేయడం చట్టసమ్మతమైంది. హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి వంటివారు ఈ వెసులుబాటులోనే ఎదిగారు.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005లో మందులకు మళ్లీ వస్తు పేటెంటు వచ్చినప్పుడు, న్యాయవాది రసాయన శాస్త్రం నేర్వక తప్పలేదు. తెలిసిన పదార్థపు కొత్త రూపానికి చికిత్సాపరమైన ప్రభావం మెరుగుపడితేనే పేటెంటు ఇవ్వాలనే సెక్షన్ 3(డి)పై, రక్త క్యాన్సరు మందు గ్లివెక్ విషయంలో పెద్ద పోరాటం జరిగింది. పేటెంటు మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం తెలిపే వీలును ఉపయోగించుకొని చెన్నై పేటెంటు కార్యాలయంలో ఆ మందు తయారీ సంస్థ నొవార్టిస్ దరఖాస్తును ఎదిరించినవారిలో క్యాన్సరు రోగుల సంఘంతో పాటు హైదరాబాదు సంస్థ నాట్కో ఉంది. 2006లో ఆ కార్యాలయం దరఖాస్తును తిరస్కరించగా, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నొవార్టిస్ అప్పీలును కొట్టివేసింది. అంతకుముందు 2012లో బేయర్ వారి నెక్సావర్‌పై నాట్కో దేశంలోనే తొలి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు సమ్మతి లేకున్నా తయారీకి ప్రభుత్వమిచ్చే అనుమతి, పొందగా, నెలకు సుమారు 2,80,000 రూపాయలయ్యే మందు 8,880 రూపాయలకు దిగింది. రోగి ప్రాణానికీ న్యాయవాది వాదనకూ ఇంత దగ్గరి సంబంధం ఈ శాఖ చరిత్రలో మునుపెన్నడూ కనిపించదు.

2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం మేధోసంపత్తి వివాదాలను వాణిజ్య వివాదాలలో చేర్చి, ప్రతివాది జవాబు దాఖలుకు 120 రోజుల గరిష్ఠ గడువు విధించింది. 2003 నుంచి చెన్నై కేంద్రంగా అప్పీళ్లు విన్న మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డును 2021లో రద్దు చేయడంతో ఆ కేసులు హైకోర్టులకు చేరాయి. 2023లో మద్రాసు హైకోర్టు వాటి కోసం ప్రత్యేక విభాగపు నియమాలను అమలులోకి తెచ్చింది.