కాట్రగడ పొలంలో నాలుగు ఏనుగులు

2023 మే 12 తెల్లవారేసరికి పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ-బి పొలాల్లో నాలుగు ఏనుగులు విగతజీవులై పడి ఉన్నాయి. రాత్రిపూట ఆరు ఏనుగుల గుంపు పొలాలు దాటుతూ ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలింది. బతికిన రెండూ తివ్వకొండ వైపు వెళ్లిపోయాయి.

పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఎలా ఉంటుందో పల్లెల్లో తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు స్తంభాల నడుమ దిమ్మె, తలుపు ఊడిన ఫ్యూజుల పెట్టె, మోటార్లకు పోయే తీగలు చేతికందే ఎత్తులో. చుట్టూ కంచె ఉండాలి, చాలాచోట్ల ఉండదు. మనిషైతే పక్కకు జరిగి నడుస్తాడు. పశువులు అటు పోతే కాపరి అదిలిస్తాడు. అంతెత్తు ఏనుగుకు ఆ చీకట్లో అడ్డం వెళ్లేదెవరు?

ఈ గుంపుల కథ 2007లో మొదలైంది. ఒడిశా గజపతి జిల్లాలోని లఖారి లోయ అడవుల నుంచి ఏనుగులు సరిహద్దు దాటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి దిగాయి. అడవిలో మేత, నీరు తగ్గేకొద్దీ కిందనున్న పొలాలే వాటికి దిక్కయ్యాయి. వాటిని పట్టి వెనక్కి పంపడానికి ప్రభుత్వం చేపట్టిన పనికి ఆపరేషన్ గజేంద్ర అని పేరు పెట్టారు. తెలుగువాళ్లకు గజేంద్రుడంటే మొర పెట్టుకోగానే దేవుడు పరుగెత్తుకొచ్చి కాపాడినవాడు. ఆ పేరు పెట్టుకున్న పనిలోనే ఏనుగులు చనిపోయాయి. పని అక్కడితో ఆగింది.

2018లో మళ్లీ వచ్చాయి. కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి. నాగావళి నది పొడుగునా ఈ మండలాల పేర్లు పత్రికల్లో పడని నెల లేదనిపించేది. చెరకు, అరటి, మొక్కజొన్న, వరి, ఏది చేతికొచ్చే అదను చూసి అక్కడ దిగేవి. ఒక్క రాత్రిలో అరటితోట నేలమట్టమయ్యేది. పరిహారం వచ్చినా అప్పు తీరేది కాదు. పొలానికి వెళ్లి ఏనుగు కాళ్ల కింద పడి తిరిగి రానివాళ్లున్నారు. ఏనుగు కోసం ఏడ్చేటప్పుడు వాళ్లనీ తలుచుకోవాలి. వాళ్లను మరిచి చేసే శోకానికి ఆ ఊళ్లలో నిలబడే అర్హత లేదు.

గుంపు వెంట అటవీశాఖ పెట్టిన ట్రాకర్లు నడిచారు. పగలు అడుగుజాడలు, పేడ చూసి, సాయంత్రానికి ఏ ఊరి వైపు మళ్లిందో కబురు పెట్టేవాళ్లు. రాత్రి మాత్రం మనిషి కన్ను ఎంతని చూస్తుంది? అలాంటిచోట చెట్టుకు కట్టిన ట్రాప్ కెమెరా ఆదుకుంటుంది. ఎదురుగా ఒంటి వేడి ఉన్న ప్రాణి కదిలితే చాలు, ఫొటో తీసి తేదీ, గంట దానిపై వేస్తుంది. 2018 పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలు కట్టారు. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో పెద్దపులి తిరిగినప్పుడు దాని రూపం దొరికింది కెమెరాలోనే.

ఈ కెమెరాకు ఉన్న శత్రువుల్లో ఏనుగు ఒకటి. చెట్టున కొత్త వస్తువు కనిపిస్తే తొండంతో లాగి చూస్తుంది. అందుకే ఏనుగుల దారిలో కెమెరాను అందనంత ఎత్తున, కిందికి వంచి కడతారు. మనిషి నుంచి కాపాడటం అంతకంటే కష్టం. ఇనుప పెట్టెలో పెట్టి, మానుకు చుట్టిన ఉక్కు తీగతో తాళం వేస్తారు. ఎర్రగా మిణుకుమనే దీపం ఉన్న రకం దొంగకు చీకట్లో చోటు చూపిస్తుంది కనుక వెలుగు కనిపించని రకం మేలు. రహస్య సంఖ్య పెట్టుకుంటే ఎత్తుకెళ్లినవాడికి అది పనికిరాదు. అయినా కక్ష కొద్దీ రాయి పెట్టి పగలగొట్టేవాణ్ణి ఏ తాళమూ ఆపలేదు. అడవిపందుల కోసం రాత్రిళ్లు కరెంటు తీగ పరిచేవాడికి, వేటకు పోయేవాడికి ఆ కన్ను బతికి ఉండటం ఇష్టం ఉండదు. కట్టెలకు వెళ్లే ఆడవాళ్లకూ తమను ఫొటో తీస్తోందన్న గుబులు ఉంటుంది. ఆ గుబులు తప్పని నేననను. కెమెరా ఎందుకు కట్టారో, అందులో ఎవరి బొమ్మ పడితే చెరిపేస్తారో ఊళ్లో కూర్చుని చెప్పినచోట దానికి ఊరే కాపలా కాస్తుంది. చెప్పకుండా కట్టినచోట గొలుసున్నా ఉండదు.

కెమెరా పోతే పోయేది దాని ఖరీదే అనుకుంటే పొరపాటు. లోపలున్న చిన్న కార్డుతో పాటు ఏనుగులు ఏ గంటకు ఏ వాగు దాటుతున్నాయో, ఏ గట్టు మీదుగా ఏ పొలంలోకి దిగుతున్నాయో ఆ ఎరుకంతా పోతుంది. ఆ ఎరుక ఉంటే ఫలానా రాత్రి ఫలానా లైనులో కరెంటు ఆపించవచ్చు, ఫలానా ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందుగా కంచె వేయించవచ్చు. ఎరుక ఉండి కూడా కరెంటు ఆపేవాళ్లు లేకపోతే వెయ్యి ఫొటోలున్నా ఏనుగు బతకదు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే. ఆ నాలుగూ చనిపోయేనాటికి గుంపు ఎటు తిరుగుతోందో మన్యంలో పిల్లలకు కూడా తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఏనుగు ఉంది. 2010లో దాన్ని జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించుకున్నాం. ఇన్ని రక్షణలు రాసుకున్న ప్రాణి చివరికి ఒక పొలంలో, రైతుకు నీళ్లు తోడే కరెంటుకు బలైంది.

బతికిన ఆ రెంటి దారిలో ఇంకెన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కంచె లేకుండా ఉన్నాయో, ఏ పొలంలో తీగ ఎంత కిందికి జారిందో తేల్చడం కెమెరా కట్టడం కంటే ముందు జరగాల్సిన పని. దానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. లైన్‌మన్, ట్రాకర్, ఆ పొలం రైతు కలిసి ఒక పూట నడవాలి. నడుస్తూ చూసిన లోపాలు లైన్‌మన్ రాసుకోవాలి. ఆ కాగితం కరెంటు ఆఫీసులో అటకెక్కకుండా చూసే పూచీ పైవాళ్లది.